చెప్పని మాటకి పూచీ ఎవరిది?

ఒక నంబరుకి అర్థం తెలుసుకోడానికి నాకొకసారి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ నంబరు 17.

అప్పట్లో మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. కాలేజీల తరఫున ఫీజులు కట్టించుకునే వెబ్‌సైట్లు తయారుచేయడం మా పని. విద్యార్థి మా సైట్‌లోకి వస్తాడు, ఎంత కట్టాలో చూసుకుంటాడు, 'పే' అన్న బటన్ నొక్కుతాడు. ఆ తర్వాత డబ్బు సంగతి చూసేది ఇంకో కంపెనీ. దాని పేరు ఇక్కడ అనవసరం. మా ప్రోగ్రామ్ వెళ్ళి వాళ్ళ ప్రోగ్రామ్‌ని "ఫలానా విద్యార్థి దగ్గర ఇంత తీసుకో" అని అడుగుతుంది. అది ఏదో ఒక జవాబు చెబుతుంది. ఇలా ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని అడగడానికి పెట్టిన కిటికీనే ఏపీఐ అంటారు. బ్యాంకులో కౌంటర్ లాంటిదే. లోపల ఏం జరుగుతోందో బయట నిలబడ్డవాడికి కనపడదు, కనపడక్కర్లేదు కూడా. ఏ కాగితం ఇస్తే చేతికి ఏం వస్తుందో పక్కన బోర్డు మీద రాసి ఉంటే చాలు. ఆ బోర్డు పేరే డాక్యుమెంటేషన్.

మాకిచ్చిన బోర్డు పద్నాలుగు పేజీల పీడీఎఫ్. అందులో మూడు పేజీలు ఆ కంపెనీ గొప్పదనం గురించే. తొమ్మిదో పేజీలో జవాబుల పట్టిక ఉంది. 00 అంటే డబ్బు అందింది. 05 అంటే బ్యాంకు ఒప్పుకోలేదు. అలా పదకొండు నంబర్లు, వాటి వివరాలు. 17కి ఎదురుగా మాత్రం 'జనరల్ ఫెయిల్యూర్' అని రెండే మాటలు. ఫెయిల్యూర్ అన్నారు కాబట్టి పని జరగలేదనుకున్నాను. జరగని పనిని మళ్ళీ ప్రయత్నించడం ఎవరైనా చేసేదే. 17 వస్తే మూడు సెకన్లు ఆగి మళ్ళీ అడగమని ప్రోగ్రామ్‌లో రాశాను.

పరీక్ష ఫీజుకి ఆఖరి తేదీ రోజున 17 చాలాసార్లు వచ్చింది. సాయంత్రానికి 43 మంది ఖాతాల్లోంచి డబ్బు రెండేసి సార్లు పోయింది.

మా కంపెనీలో ఫోన్లు తీయడానికంటూ ప్రత్యేకంగా ఎవరూ లేరు. ఎవరు దగ్గర్లో ఉంటే వాళ్ళే తీసేవాళ్ళం. ఆ సాయంత్రం నేను తీసిన ఫోన్లలో ఒకటి కల్వకుర్తి వైపు నుంచి. "సార్, మా బిడ్డ ఫీజు రెండుసార్లు కట్ అయింది. ఎరువుల కోసం పెట్టుకున్న పైసలు సార్ అవి. ఎప్పుడొస్తయి?" అని ఒకాయన అడిగాడు. కోపంగా ఏం లేడు. "ఏడు పనిదినాల్లో వస్తాయండి" అన్నాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. ఎక్కడ చూసినా అదే చెబుతారు కదా అని నేనూ చెప్పేశాను.

డబ్బుల కంపెనీకి ఫిర్యాదు పంపితే నిమిషంలో జవాబొచ్చింది, మనిషి రాసింది కాదు. మళ్ళీ పంపితే మూడోరోజున "దయచేసి డాక్యుమెంట్‌లో 9వ పేజీ చూడండి" అన్నారు. ఆ పేజీ నాకప్పటికి కంఠతా వచ్చు. మూడోసారి పంపాక "సమస్య పరిష్కరించబడినది" అని వాళ్ళే రాసుకుని ఫిర్యాదు మూసేశారు. పంతొమ్మిదో రోజున, ఒక స్నేహితుడి స్నేహితుడు, ఇంకో కంపెనీలో ఇదే పని చేసే పెద్దాయన, టీ తాగుతూ అన్నాడు: "పదిహేడా? అది ఫెయిల్యూర్ కాదు బాబూ. డబ్బు తీసుకున్నారు, బ్యాంకు నుంచి ఖరారు ఇంకా రాలేదు. దాని అర్థం అదీ. పదిహేను నిమిషాలాగి స్టేటస్ అడుగు, అప్పుడు నిజం చెబుతుంది." ఆయనకెలా తెలుసంటే, ఆయనా ఒకసారి దెబ్బతిన్నాడు కాబట్టి తెలుసు. ఆ జ్ఞానం వచ్చే దారి అదొక్కటే.

*

ఆ పంతొమ్మిది రోజుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది పని ఆగిపోవడం కాదు. తప్పు నాదేనేమో అన్న అనుమానం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో రాసిన ఏ కాగితమైనా అర్థం కాకపోతే, కాగితం సరిగ్గా లేదేమో అని నాకు ముందుగా తట్టదు. నాకే అర్థం కాలేదేమో అని తడుతుంది. 'జనరల్ ఫెయిల్యూర్' అన్న రెండు మాటల్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఇంకోసారి చదివితే ఏదైనా కొత్తగా కనపడుతుందేమో అన్నట్టు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మన సామెత. చెప్పీ చెప్పకుండా వదిలేసేవాడికి ఇంకా లోకువ. ఎందుకంటే, చెప్పని భారం కూడా వినేవాడే మోస్తాడు.

దీన్ని మా వృత్తిలో మామూలు చిరాకుగానే లెక్కేస్తాం. వానాకాలంలో హైదరాబాద్ రోడ్ల మీద గుంతల్లాగ, ఉంటాయంతే, తిట్టుకుని పక్కనుంచి పోవాలి. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ కల్వకుర్తి ఆయన ఫోన్ తర్వాత ఒక ప్రశ్న వదల్లేదు. ఇది కేవలం చేతకానితనమా, లేక ఎవరైనా ఎవరికైనా చేసిన అన్యాయమా? అన్యాయమే అయితే ఎక్కడ జరిగింది? ఆ పీడీఎఫ్‌లో అబద్ధం లేదు. 17కి వాళ్ళ దృష్టిలో ఏదో ఒక రకమైన ఫెయిల్యూర్ అనే అర్థమే ఉండి ఉండొచ్చు. చెప్పకపోవడం తప్పెలా అవుతుంది? ప్రపంచంలో ఎవరూ చెప్పని విషయాలు కోకొల్లలు. వాటన్నిటికీ ఎవరో ఒకరు దోషులా?

అమెరికన్ తత్వవేత్త టి. ఎం. స్కాన్లన్ 1998లో రాసిన 'వాట్ వుయ్ ఓ టు ఈచ్ అదర్' అనే పుస్తకంలో వాగ్దానాల మీద ఒక అధ్యాయం ఉంది. మాట తప్పడం ఎందుకు తప్పు? వాగ్దానం అనేది సమాజం పెట్టుకున్న ఒక ఆచారం, మాట తప్పితే ఆ ఆచారానికి ద్రోహం చేసినట్టు అనేది ఒక పాత సమాధానం. స్కాన్లన్ దాన్ని ఒప్పుకోడు. తప్పు ఆచారం పట్ల జరిగేది కాదు, ఒక మనిషి పట్ల జరిగేది అంటాడు. ఇంకొకరిలో ఒక నమ్మకం కలిగేలా మనం ప్రవర్తించాం, వాళ్ళకి ఆ నమ్మకం ముఖ్యమని మనకి తెలుసు, దాని మీద ఆధారపడి వాళ్ళు బతుకులో ఏదో సర్దుకున్నారు. ఆ నమ్మకం పట్ల మనకి బాధ్యత ఉంటుంది. 'వాగ్దానం' అన్న మాట నోటితో అన్నామా లేదా అన్నది రెండో సంగతి.

ఏపీఐ అంటే నా దృష్టిలో అలాంటి నమ్మకమే. "ఇక్కడికి వచ్చి ఇలా అడగండి, మేం చూసుకుంటాం" అని కిటికీ తెరిచి పెట్టారు. దానికి ప్రతి లావాదేవీ మీదా ఇంత అని డబ్బు తీసుకుంటున్నారు. అడిగేవాడికి లోపల చూసే దారి లేదని వాళ్ళకి తెలుసు. అటువంటప్పుడు కిటికీ దగ్గర మౌనం, రోడ్డు మీద అపరిచితుడి మౌనం లాంటిది కాదు. వంతెన కట్టి, టోల్ వసూలు చేస్తూ, ఎంత బరువు ఆగుతుందో రాయకుండా వదిలేసినవాడి మౌనం అది. లారీ పడ్డాక "మేం ఆగుతుందని ఎక్కడా రాయలేదే" అంటే సరిపోతుందా?

*

ఇక్కడ మా వృత్తివాళ్ళు ఒక అభ్యంతరం చెబుతారు, న్యాయమైనదే. అన్నీ రాయడం ఎవరికీ సాధ్యం కాదు. గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ అనే ఇంజనీరు పేరు మీద ఒక సూత్రం ప్రచారంలో ఉంది. వాడేవాళ్ళు తగినంతమంది పోగైతే, మీరు రాతపూర్వకంగా ఏం ఒప్పుకున్నారన్న దాంతో పనిలేకుండా, మీ వ్యవస్థలో బయటికి కనపడే ప్రతి చిన్న లక్షణం మీదా ఎవరో ఒకరు ఆధారపడిపోతారు అన్నది దాని సారాంశం. జవాబు రావడానికి పట్టే సమయం, జాబితాలో పేర్లు వచ్చే వరస, చివరికి ఎర్రర్ సందేశంలో ఉన్న అక్షరదోషం కూడా. ఇన్నింటిని ముందే ఊహించి రాయమంటే ఎవరి తరం?

పైగా, ఎక్కువ రాయడం వల్ల కూడా విషయం మరుగున పడిపోగలదు. నా 43 ఫీజుల కథ చిన్నది. దీనికి పెద్దన్న లాంటి కథ 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో, కూరూ ప్రయోగ కేంద్రంలో జరిగింది. యూరప్ దేశాలు కలిసి తయారుచేసిన ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం అది. బయల్దేరిన దాదాపు 40 సెకన్లకి దారి తప్పి, ముక్కలై, పేలిపోయింది. రాకెట్ స్థితిగతులు కొలిచే వ్యవస్థలోని సాఫ్ట్‌వేర్ అంతకుముందు ఏరియాన్ 4లో చక్కగా పనిచేసినదే. దాన్ని తెచ్చి ఇందులో పెట్టారు. అందులో ఒకచోట 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలోకి కుదించే పని ఉంది. ఏరియాన్ 5 మొదటి క్షణాల నుంచీ అడ్డంగా ఎక్కువ వేగం అందుకుంటుంది. దాంతో ఆ సంఖ్య 16 బిట్లలో పట్టనంత పెద్దదైంది. కొలిచే వ్యవస్థ చేతులెత్తేసింది.

విచారణ సంఘం నివేదికలో నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. ఇలా కుదించేటప్పుడు ప్రమాదం ఉన్న రాశులు ఏడని ముందే గుర్తించారు. నాలుగింటికి రక్షణ పెట్టారు, మూడింటిని వదిలేశారు. అవి హద్దు దాటవని లెక్కేసుకుని, అందరూ ఒప్పుకునే వదిలేశారు. ఏరియాన్ 4 విషయంలో ఆ లెక్క నిజమే కూడా. కానీ ఎందుకు వదిలేశారన్న కారణం ప్రోగ్రామ్‌లో ఎక్కడా లేదు. ఆ పరిశ్రమలో పోగయ్యే కాగితాల కుప్పలో, బయటినుంచి చూసేవాళ్ళకి కనపడకుండా అది మరుగున పడిపోయింది. ఎవరూ కావాలని దాచలేదని కూడా నివేదిక ఒప్పుకుంది.

కాగితాలు లేక కాదు, ఉండాల్సిన ఒక్క మాట ఉండాల్సిన చోట లేక. ఇది ఎలా పనిచేస్తుందో చెప్పే పేజీలు బోలెడు ఉండి ఉంటాయి. ఇది ఎక్కడిదాకా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్న వాక్యం దొరకలేదు. నా పద్నాలుగు పేజీల పీడీఎఫ్‌లో లేనిదీ ఆ వాక్యమే. అన్నీ రాయమని నేను అడగను. మీకు తెలిసిన హద్దు రాయండి, అంతవరకే అడుగుతాను. హైరమ్ రైట్ సూత్రం మీకు తెలియనివాటి గురించి. 17 ఏమిటో లోపల ఎవరో ఒకరికి తెలుసు.

*

ఇంతవరకూ రాసింది చదివితే నేను బాధితుణ్ణి, వాళ్ళు దోషులు. కథ ఇక్కడ ఆగితే నాకూ హాయిగానే ఉండేది.

పెద్దాయన రహస్యం చెప్పాక ఆఫీసుకొచ్చి ప్రోగ్రామ్ సరిచేశాను. 17 వస్తే మళ్ళీ అడగకు, 900 సెకన్లు ఆగు, ఆ తర్వాత స్టేటస్ కనుక్కో. మొత్తం నాలుగు వరసలు. పక్కన ఒక వాక్యం రాయడానికి అరనిమిషం పట్టేది, రాయలేదు. అలసిపోయి ఉన్నాననీ, రాత్రి చాలా అయిందనీ చెప్పొచ్చు, రెండూ నిజాలే. ఇంకో నిజం కూడా ఉంది. ఆ 900 ఎందుకో ఆఫీసు మొత్తంలో నాకొక్కడికే తెలుసు అన్నది నాకు ఎక్కడో చిన్న ధీమా. మనుషుల్ని తీసేసే రోజుల్లో, "ఇది వాడికే తెలుసు" అనిపించుకోవడం ఒక రకమైన భీమా పాలసీ. పంతొమ్మిది రోజులు పెట్టి సంపాదించుకున్నది ఊరికే ఎందుకివ్వాలి అని కూడా అనుకున్నానేమో. చెప్పొద్దూ, అనుకున్నాను.

రెండేళ్ళ తర్వాత ఆ ఉద్యోగం మానేసి గచ్చిబౌలిలో ఇంకో కంపెనీకి మారాను. వెళ్ళేముందు రెండు గంటలపాటు నా పనంతా కొత్తవాళ్ళకి అప్పగించాను. 17 గుర్తుకే రాలేదు. అప్పటికది నాకు సమస్య కాదు కాబట్టి, చెప్పాల్సిన విషయంగా కూడా కనపడలేదు.

ఏడాది తిరక్కుండానే ఒక రాత్రి పదిన్నరకి తెలియని నంబరు నుంచి ఫోన్. "అన్నా, మీకు నేను తెలీదు. మీ పాత ఆఫీసులో చేస్తున్న. కోడ్‌లో మీ పేరు చూసి, హెచ్‌ఆర్ వాళ్ళనడిగి నంబర్ తీసుకున్న. ఈ 900 ఎందుకన్నా?"

ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైన అమ్మాయి. పేజీ ఎక్కువసేపు తిరుగుతూ ఉండిపోతోందని కాలేజీలు గొడవ చేస్తే, వేగం పెంచమని ఆమెకి అప్పగించారు. చూస్తే ఒకచోట ప్రోగ్రామ్ ఊరికే పదిహేను నిమిషాలు కూర్చుంటోంది. ఏ కారణమూ రాసి లేదు. డాక్యుమెంట్‌లో చూస్తే 17 అంటే 'జనరల్ ఫెయిల్యూర్'. ఆ నిరీక్షణ తీసేసి, మళ్ళీ ప్రయత్నించమని రాసింది. అంటే నేను మొదట రాసిందే. ఈసారి నూటికి పైగా ఖాతాల్లో డబ్బు రెండుసార్లు పోయింది. ఎందుకు మార్చావో లిఖితపూర్వకంగా వివరణ ఇమ్మని మేనేజర్ ఆమెకి మెయిల్ పెట్టాడు.

"నాకే అర్థం కావట్లేదేమో అనుకుని మూడు రోజులు చూసిన అన్నా" అంది.

ఆ వాక్యం ఎక్కడిదో నాకు తెలుసు. నాదే. నేనే రాసిపెట్టి వచ్చాను ఆమెకి, ఆ నాలుగు వరసల్లో.

డబ్బుల కంపెనీకీ నాకూ తేడా ఏమిటో ఆ రాత్రి ఎంత వెతికినా పెద్దగా దొరకలేదు. వాళ్ళు డబ్బు తీసుకున్నారు, నేనూ జీతం తీసుకున్నాను. వాళ్ళకి తెలిసీ రాయలేదు, నేనూ తెలిసీ రాయలేదు. వాళ్ళకి నా ముఖం తెలియదు, నాకు ఆమె ముఖం తెలియదు. వాళ్ళకంటే నాది ఒక మెట్టు ఎక్కువే. చెప్పకపోతే ఏమవుతుందో వాళ్ళకి తెలిసి ఉండకపోవచ్చు. నాకు తెలుసు, ఒకసారి నా మీదే జరిగింది కాబట్టి. దెబ్బతిన్నవాడు తర్వాతివాణ్ణి హెచ్చరిస్తాడని మనం అనుకుంటాం. చాలాసార్లు దెబ్బతిన్నవాడు ఊరికే పక్కకి తప్పుకుంటాడు.

మర్నాడు ఆ మేనేజర్‌కి మెయిల్ రాశాను. తప్పు నాది, ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు అని. ఒక్క మాట జవాబొచ్చింది: "నోటెడ్." దానివల్ల ఆమెకి ఏమైనా ఒరిగిందో లేదో నేను చెప్పలేను.

*

ఇక్కడ ఒక తేడా చూపించకపోతే అన్యాయం అవుతుంది. ప్రపంచంలోని సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఎవరో ఉచితంగా రాసి పెట్టినదే. దాని డాక్యుమెంట్లూ చాలాసార్లు అంతంతమాత్రం. మరి వాళ్ళూ మోసగాళ్ళేనా? నేనలా అనుకోను. ఎంఐటీ లైసెన్స్ అనే ప్రసిద్ధమైన అనుమతి పత్రం ఉంది. నిండా ఒక పేజీ కూడా ఉండదు. అందులో సగం దాకా పెద్దక్షరాలతో ఒకటే విషయం చెబుతారు: ఇది ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు, ఏం జరిగినా మా పూచీ లేదు. కొందరికి ఇది తప్పించుకునే మాటలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ రంగంలో ఇంతకంటే నిజాయితీ అయిన వాక్యం కనపడలేదు. ఈ వంతెన నేను సరదాకి కట్టాను, మీ లారీ తేవాలంటే మీరే పరీక్షించుకోండి అని మొదటే చెప్పేశారు. ఆ మాట చదివి కూడా కోట్ల వ్యాపారాన్ని దాని మీద నిలబెట్టినవాళ్ళదే ఆపైన బాధ్యత. 2014లో ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు, ఇంటర్నెట్‌లో పెద్ద భాగం రహస్యాల్ని కాపాడుతున్న ఆ సాఫ్ట్‌వేర్‌ని చూసుకునేది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందేనని లోకానికి తెలిసింది. అప్పుడు సిగ్గుపడాల్సింది వాళ్ళు కాదు. దాన్ని ఏళ్ళ తరబడి వాడుకుంటూ, దాని బాగోగులు చూసేదెవరని ఒక్కసారైనా అడగనివాళ్ళు.

కాబట్టి తప్పు పూచీ తీసుకోకపోవడంలో లేదు. తీసుకుంటున్నట్టు కనపడి, తీసుకోకపోవడంలో ఉంది. 'ఇక్కడ వాలండి' అన్నట్టు గోడ నిలబెట్టి, వాలినప్పుడు పక్కకి జరగడంలో ఉంది.

*

ఈ బాధ్యత ఎలా ఉండాలో చాలా ముందే కొందరికి తెలుసు. 1971 నవంబరు 3 తేదీతో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ మొదటి కూర్పు వచ్చింది, కెన్ థామ్సన్, డెనిస్ రిచీల పేర్లతో. చాలా కమాండ్‌లకి క్లుప్తంగా ఒకటి రెండు పేజీలే. పేరు, వాడే పద్ధతి, వివరణ, ఇలా శీర్షికలుంటాయి. వాటిలో రెండు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తాయి. ఒకటి 'బగ్స్'. ఈ ప్రోగ్రామ్‌లో మాకు తెలిసిన లోపాలివీ అని రాసినవాళ్ళే ఒప్పుకునే చోటు. రెండోది 'ఓనర్'. ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలో వాళ్ళ పేరు. తర్వాతి కాలంలో బగ్స్ శీర్షిక నిలిచింది, ఈనాటికీ చాలా మాన్యువల్ పేజీల్లో కనిపిస్తుంది. ఓనర్ అన్నది పోయింది. రచయిత పేరు కొన్నిచోట్ల ఉంటుంది కానీ, రాసినవాడు వేరు, అడిగితే జవాబు చెప్పేవాడు వేరు.

ప్లేటో 'ఫీడ్రస్' సంభాషణలో సోక్రటీస్ రాత మీద ఒక ఫిర్యాదు చేస్తాడు. రాసిన మాట తెలివైనదానిలా కనపడుతుంది గానీ, ప్రశ్న అడిగితే మళ్ళీ మళ్ళీ అదే చెబుతుంది. ఎవరైనా అపార్థం చేసుకుంటే తనని తాను కాపాడుకోలేదు, ఆదుకోడానికి దాని తండ్రి రావాలి. తొమ్మిదో పేజీని యాభైసార్లు చదివినవాడిగా నేను దీనికి సాక్ష్యం చెప్పగలను. "9వ పేజీ చూడండి" అని జవాబివ్వడమంటే, తండ్రి ఇంట్లోనే ఉండి, పిల్లాణ్ణే మళ్ళీ గుమ్మంలోకి పంపడం. డాక్యుమెంట్ ఎంత బాగున్నా దాని వెనక ఒక మనిషి ఉండాలి. మనిషి ఎంత మంచివాడైనా ఎల్లకాలం ఉండడు కాబట్టి డాక్యుమెంట్ ఉండాలి. ఒకటి ఉంది కదా అని రెండోది ఎగ్గొట్టడం కుదరదు.

ఆ అమ్మాయి రెండు నెలల తర్వాత మళ్ళీ ఫోన్ చేసింది. 17 గురించి ఒక పేజీ తయారుచేసిందట. 'ఇది ఎప్పుడు తప్పుతుంది' అని ఒక శీర్షిక, 'ఎవరిని అడగాలి' అని ఇంకొకటి. 1971 మాన్యువల్ సంగతి ఆమెకి తెలియదు, తనకి ఏం కావాల్సొచ్చిందో అది రాసింది. "ఎవరిని అడగాలి దగ్గర నా పేరు పెట్టిన. మీ పేరు కూడా పెట్టొచ్చా అన్నా?" అంది.

వెంటనే సరేననలేకపోయాను. ఆ కంపెనీకి నాకూ ఇప్పుడేం సంబంధం? ఏ రాత్రో ఎవరో ఫోన్ చేస్తారు, నాకు గుర్తుండకపోవచ్చు, గుర్తున్నది తప్పు కావచ్చు. పేరు పెట్టడం ఎందుకంత కష్టమో నాకప్పుడు అర్థమైంది. కంపెనీలు ఎందుకు పెట్టవో కూడా. కాసేపాగి "పెట్టమ్మా, కానీ ఒక ఏడాదికి. తేదీ కూడా రాయి" అన్నాను. రాసింది. ఆ ఏడాదిలో రెండుసార్లు ఫోన్లొచ్చాయి. ఒకదానికి జవాబు తెలుసు. రెండోదానికి తెలియదని చెప్పాను.

17 గురించి నాకు తెలిసిందంతా ఇప్పుడా పేజీలో ఉంది. కల్వకుర్తి ఆయన గురించి రాయడానికి అందులో చోటు లేదు. ఏడు పనిదినాలన్నాను, డబ్బు ఎన్నాళ్ళకి వెళ్ళిందో నేను కనుక్కోలేదు. నంబరు కూడా రాసుకోలేదు. ఫోన్ పెట్టేముందు ఆయన "మీ పేరేంది సార్? మల్ల చేస్తే ఎవరిని అడగాలె?" అన్నాడు.

"కస్టమర్ సపోర్ట్ అని అడగండి" అన్నాను.